దారం లేని వైపు

నల్లమాడ మండలం
12 జులై 2003

తమ్ముడు మల్లికార్జునకు,

ఇంటిల్లిపాదీ తిని తిరుగుతున్నాం. అది ముందు తెలుసుకుంటే మిగతాది నిదానంగా చదువుతావు.

ఆరుద్ర కార్తె ఒక్క చినుకు లేకుండా దాటిపోయింది. మీ బావ శెనక్కాయ విత్తనాలు ఒలిపించి గోనెల్లో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున లేస్తూనే పడమర దిక్కు చూస్తాడు, తర్వాత పశువుల దగ్గరికి పోతాడు. మా అంగన్‌వాడీకి వచ్చే పిల్లలు ఈ నెల పదకొండు మంది పెరిగారు. పెరగడం మంచిదేగా అనుకోకు. ఇంట్లో పొయ్యి వెలగనప్పుడే మా ఉప్మాకు పంపుతారు.

నీకు ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం ఉంది. ఎస్టీడీ బూత్ సుంకన్నది. అద్దాల గది కట్టాడు కానీ దాని తలుపు పడదు. లోపల మాట్లాడేది బయట బస్సు కోసం కూర్చున్నవాళ్లందరికీ వినపడుతుంది. ఇది అట్లా మాట్లాడే సంగతి కాదు.

మా పక్కింటి రామక్కను నువ్వు చూశావు. పోయినసారి నీకు కందులు మూట కట్టి ఇచ్చిన మనిషి. ఆమెకు ఎడమ పక్కన, పైట కింద, ఒక గడ్డ లేచింది. ఉగాదికి చింతగింజంత ఉండేది. ఇప్పుడు ఉసిరికాయంత అయింది. నొప్పి లేదు. దాని మీద చర్మం కొంచెం లోపలికి లాగినట్టు ఉంటుంది. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదని ఆమె అంటుంది. నువ్వు క్యాన్సర్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడివి కాబట్టి నిన్ను అడుగుతానని చెప్పాను. ఇట్లాంటివాటికి మొత్తం కోసేస్తారా? మందుతో పోదా? ఆమె భయపడుతోంది. ఉన్నదున్నట్టు రాయి.

అక్క
చౌడేశ్వరి


బెంగళూరు
24 జులై 2003

అక్కా,

ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ మబ్బులు పడుతున్నాయి, పోతున్నాయి. వాటిని అటు తోలే ఉపాయం ఉంటే బావకు పంపేవాణ్ణి.

రామక్క విషయం. నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. చర్మం లోపలికి లాగడం అసలే నచ్చలేదు. ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను: అది క్యాన్సర్ కావచ్చు. ఆమెను వెంటనే తీసుకురమ్మను. మందుతో పోదు. పట్టు వేస్తే పోదు.

మొత్తం రొమ్ము తీసేయడం ఒక దారి. గడ్డ చిన్నగా ఉంటే ఇంకో దారి ఉంది. గడ్డనూ దాని చుట్టూ కొంత మంచి కండనూ కలిపి, ఒక ముద్దగా తీసేస్తారు. మిగతా రొమ్ము అట్లాగే ఉంటుంది. తర్వాత కరెంటు పెడతారు, అంటే రేడియేషన్. ఇందులో చిక్కేమిటంటే, కోసే డాక్టరుకు చెడ్డ కండ ఎక్కడ ఆగిందో, మంచి కండ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. చేతికి కొంత తెలుస్తుంది, అంతే. అందుకే మనిషి ఇంకా మత్తులో ఉండగానే ఫోటో తీస్తాం. చుట్టూ అంచు ఖాళీగా ఉందా, గడ్డ అంచును తాకుతోందా అందులో చూస్తారు. తాకుతుంటే ఆ వైపు ఇంకొంచెం తీసి, అప్పుడు కుట్లు వేస్తారు. ఆ ఫోటోలు తీసేది మేమే. ఈ ఏడాది నేనే నలభై దాకా తీసి ఉంటాను.

ఒక మాట అంటాను, ఆమెకు చదివి వినిపించు. ఆరు నెలలు, ఏడాది దాచుకుని, వాసన వచ్చాక మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లను చూస్తే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వస్తుంది. సిగ్గు కోసం ప్రాణం ఇచ్చేంత తెలివితక్కువతనం ఇంకొకటి లేదు.

తమ్ముడు
మల్లికార్జున


నల్లమాడ మండలం
9 ఆగస్టు 2003

మల్లికార్జునకు,

రామక్కకు చదివి వినిపించాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నీకు చదువు ఉంది, ఉద్యోగం ఉంది, నలభై ఫోటోలు తీశావు. చాలా సంతోషం. కానీ ఒక ఆడమనిషిని మత్తులో పడుకోబెట్టి, ఒంటి మీద తెలివి లేనప్పుడు, కోసిన చోట ఫోటో తీస్తారా? ఆ ఫోటో ఎవరెవరు చూస్తారు? ఎక్కడ దాస్తారు? ఇవేవీ నువ్వు రాయలేదు. నలభై రెండేళ్లు ఒక పైటను సవరించుకుంటూ బతికిన మనిషికి సిగ్గు తెలివితక్కువతనమని నువ్వు ఒక్క గీతలో రాసేశావు. చిన్నప్పుడు నిన్ను నడుం మీద మోసుకు తిరిగిన చేతులు కూడా ఆడవాళ్లవే అని గుర్తు పెట్టుకో.

ఆమె రాదు. కదిరిలో ఒకాయన పసరు పట్టు వేస్తాడట, అక్కడికి పోతుంది. ఈ సంగతి ఇక రాయకు.

చౌడేశ్వరి

*మల్లీ, నేను మీ బావ అంజినప్పను. అంటించి పోస్టులో వెయ్యమని మీ అక్క కవరు ఇచ్చింది. చదివినా. తప్పే, అయినా చదివినా. రామక్కకు ఏమీ లేదప్పా, గుండ్రాయి మాదిరి ఉండాది. గడ్డ మీ అక్కకే ఉండాది. నాకు నెలనాడు తెలిసింది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. నేను చెప్తే ఇనదు. ఏం చేస్తావో నువ్వే చెయ్.*


బెంగళూరు
14 ఆగస్టు 2003

అక్కా,

నీ ఉత్తరం అడుగున బావ పెన్సిలుతో రాశాడు, గడ్డ ఉన్నది రామక్కకు కాదు, నీకేనని. ఆయన మీద కోప్పడకు. ఒట్టు తప్పడానికి ఆయన ఎంత బాధపడ్డాడో ఆ పెన్సిలు గీతల్లోనే తెలుస్తోంది.

నేను రామక్కకు రాశాననుకున్నాను. నీకని తెలిస్తే అట్లా రాసేవాణ్ణి కాదు. ఇది ఇంకా సిగ్గుపడాల్సిన మాట. పరాయి మనిషికైతే అట్లా రాయవచ్చా? క్షమించు.

ఫోటో సంగతి నేను సరిగా చెప్పలేదు. ఫోటో తీసేది మనిషికి కాదు, బయటికి తీసిన ముద్దకు. దాన్ని స్టీలు గిన్నెలో పెట్టి మా గదికి పంపుతారు. ఆపరేషన్ అయ్యే మనిషి మా గదికి రాదు. ఫోటో అన్నా కెమెరాతో తీసేది కాదు, ఎక్స్‌రే ఫిల్మ్. అందులో కనపడేది ఒక బూడిదరంగు నీడ, కొన్ని తెల్లటి రవ్వలు. అది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు. పేరు బదులు ఒక నంబరు ఉంటుంది.

ఇంకా నీకు ఉన్న బాధ నాకు అర్థమైంది. నేను పనిచేసే చోటుకు నువ్వు ఎట్లా వస్తావని. మా దగ్గర ఎలిజబెత్ అని ఒకామె ఉంది. మన గుత్తి వైపు మనిషి. ఆడవాళ్ల రొమ్ము ఎక్స్‌రేలు అన్నీ ఆమే తీస్తుంది. నువ్వు ఉన్న గదిలోకి నేను రాను. నీ ఫిల్ము ఒక్కటి కూడా నా చేతుల మీదుగా పోదు. మాట ఇస్తున్నాను.

సోమవారం బయలుదేరు. బావను తోడు తెచ్చుకో. కదిరిలో పసరు కోసం దిగొద్దు.

మల్లి


నల్లమాడ మండలం
24 సెప్టెంబరు 2003

మల్లికార్జునకు,

ఇల్లు చేరాం. ఆపరేషన్ కుట్లు ఎండుతున్నాయి. చేయి పూర్తిగా పైకి లేవడం లేదు. ఎలిజబెత్ నేర్పినట్టు గోడకు వేళ్లు ఆనించి రోజూ కొంచెం కొంచెం పైకి పాకిస్తున్నాను. చంకలో తీసిన గడ్డల్లో ఏమీ లేదని, మిగతా రిపోర్టు తర్వాత వస్తుందని ఆపరేషన్ చేసిన సారు చెప్పినప్పటి నుంచి మీ బావకు అన్నం సయిస్తోంది. మేము అక్కడ ఉన్నప్పుడే ఇక్కడ పదును వాన పడిందట. ఆయన మేనత్త సుంకమ్మ కూలోళ్లను పెట్టించి విత్తనం వేయించింది. ఆలస్యంగా వేసింది కాబట్టి ఊడలు దిగి కాయ పడుతుందో లేదో తెలియదు. చెట్టయితే పచ్చగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రి నుంచి పంపే రోజు ఎలిజబెత్ నా తల దువ్వుతూ, "మీ తమ్ముడు రెండోసారి తీసినాడు చూడక్కా, ఆ ఫిల్మే నిన్ను కాపాడింది" అంది. ఏం ఫిల్మ్ అని అడిగాను. ఆమె నా ముఖం చూసి దువ్వెన కింద పెట్టేసింది. "నీకు చెప్పలేదా?" అంది.

నువ్వు నాకు మాట ఇచ్చావు. రాతలో ఇచ్చావు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది. నన్ను బస్సెక్కించేటప్పుడు కూడా చెప్పలేదు. నా ముఖం చూడకుండా సీటు నంబరు చూశావు. నా ఒంట్లో ముక్కను నా తమ్ముడు చేత్తో పట్టుకున్నాడన్నది ఒక బాధ. చూసి, నాకు చెప్పకుండా ఉన్నాడన్నది దానికంటే పెద్ద బాధ.

ఏం జరిగిందో మొత్తం రాయి. తగ్గించి రాయకు.

చౌడేశ్వరి


బెంగళూరు
1 అక్టోబరు 2003

అక్కా,

మాట తప్పాను. ఎలిజబెత్‌కు ఆ రోజు జ్వరమనో, ఆమె వేరే పనిలో ఉందనో రాయవచ్చు. అబద్ధం అవుతుంది. ఆమె పక్క గదిలోనే ఉంది. గిన్నె వచ్చినప్పుడు దాని మీద నంబరు చూశాను. ఎలిజబెత్ వచ్చి చేయి చాచింది. నేను ఇవ్వలేదు. ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. ఇంతకంటే కారణం లేదు.

ఇక జరిగింది. ముద్దను తీసిన వెంటనే డాక్టరు దానికి రెండు దారాలు కుడతారు, లేకపోతే ఏ పక్క ఏదో తెలియదు. తల వైపు పొట్టి దారం. చేతి వైపు పొడుగు దారం. ఈ రెండూ చూసి మిగతా వైపులు మేము లెక్కేసుకుంటాం. నేను దాన్ని ప్లేటు మీద సరిగ్గా పెట్టి ఫిల్మ్ తీశాను. మెషీన్‌లోంచి రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. పట్టుకుని ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా పోయాను. ఆపరేషన్ చేస్తున్న జయచంద్ర సారు బయటికి వచ్చి లైటు పెట్టె మీద పెట్టి చూశారు. మధ్యలో గడ్డ నీడ, దాని లోపల తెల్లని సున్నపు రవ్వలు, చుట్టూ ఖాళీ. "బాగుంది" అని లోపలికి పోయారు.

నేను మా గదికి వచ్చాను. ఇక ముద్దను మందునీళ్లలో వేసి మైక్రోస్కోపు పరీక్షకు పంపాలి. సీసా మూత తీశాను. అప్పుడు చూశాను. పై నుంచి తీసిన ఫిల్మ్‌లో పైనా కిందా, ఆ పక్కా ఈ పక్కా తెలుస్తాయి. వెనక వైపు, అంటే ఎముకల వైపు, తెలియదు. అటు దారం కూడా ఉండదు. రవ్వలు మధ్యలో ఉన్నట్టు కనపడితే, అవి నిజంగా మధ్యలోనే ఉండవచ్చు, అడుగున అంటుకుని కూడా ఉండవచ్చు. సాధారణంగా మేము ఒక్క ఫిల్మే తీస్తాం. ఇంతకు ముందు తీసిన వాళ్లందరికీ నేను ఒక్కటే తీశాను. ఆ రోజు నీ ముద్దను పక్కకు తిప్పి పెట్టి ఇంకొకటి తీశాను. ఎవరూ తీయమనలేదు.

రవ్వలు వెనక అంచును తాకుతున్నాయి అక్కా.

తడి ఫిల్మ్ పట్టుకుని పరిగెత్తాను. సారు సూది చేతిలోకి తీసుకున్నారు. నేను గుమ్మంలోంచే "సార్, ఆగండి" అని అరిచాను. అట్లా అరవకూడదు. ఆయన ఫిల్మ్ చూసి, సూది కింద పెట్టి, వెనక వైపు నుంచి ఇంకో పొర తీశారు. తర్వాత నేను మా గదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నీకు చెప్పలేకపోయింది మాట తప్పినందుకు మాత్రమే కాదు. ఆ నలభై మందీ కళ్ల ముందు కనపడుతున్నారు.

ఇంకొకటి ఉంది. మైక్రోస్కోపు రిపోర్టు నాలుగు రోజుల కింద వచ్చింది. వెనక వైపు ఇప్పుడు శుభ్రంగా ఉంది. కానీ పొట్టి దారం వైపు, అంటే పై అంచులో, చెడ్డ కణాలు ఉన్నాయట. నా ఫిల్ములు రెండింటిలోనూ అది కనపడలేదు. మళ్లీ ఒకసారి ఆపరేషన్ చేయాలంటున్నారు. నెల లోపల రావాలి.

మల్లి


నల్లమాడ మండలం
12 అక్టోబరు 2003

మల్లికార్జునకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒక్కొక్కటి అర్థమవుతోంది.

ఒకసారి తీసి బాగుందన్నారు. తిప్పితే బాగలేదన్నారు. ఇప్పుడు ఇంకో పక్క ఉందంటున్నారు. మూడోసారి తిప్పి ఉంటే?

ఇంట్లో సుంకమ్మ, "తెలిసే కుట్టేసినారు లేమ్మా, మళ్లా రమ్మనడానికి" అంటోంది. మీ బావ ఆమెను గదమాయించాడు కానీ, ఆయనా ఆ తర్వాత చాలాసేపు ఎద్దుకు నీళ్లు పెడుతూ అక్కడే నిలబడ్డాడు. నేను రాను. ఒక చోట కోస్తే ఇంకో చోట మిగులుతుంది, అక్కడ కోస్తే మరో చోట. ఎంత కోసినా అంచు అన్నది ఉండనే ఉంటుంది కదా. మనిషి అయిపోయేదాకా ఉంటుంది. పిల్లల బరువులు తూచే వారం వచ్చింది. నాకు పని ఉంది.

చౌడేశ్వరి


బెంగళూరు
18 అక్టోబరు 2003

అక్కా,

మూడోసారి తిప్పి ఉంటే? ఆ ప్రశ్న నీకంటే ముందు నేనే వేసుకున్నాను. రిపోర్టు వచ్చిన రోజే రెండు ఫిల్ములూ పట్టుకుని జయచంద్ర సారు దగ్గరికి పోయాను. ఆయన భూతద్దం ఇచ్చి, "పొట్టి దారం దగ్గర ఏమైనా ఉందేమో నువ్వే వెతుకు" అన్నారు. అరగంట వెతికాను. ఏమీ లేదు. గడ్డ గట్టిగా ఉంటే నీడ పడుతుంది. సున్నం రవ్వ ఉంటే తెల్లగా కనపడుతుంది. విడివిడిగా పాకిన కణాలకు నీడ లేదు. వంద ఫిల్ములు తీసినా ఉండదు. వాటిని మైక్రోస్కోపు ఒక్కటే చూస్తుంది, దానికి పది రోజులు పడుతుంది. ఎవరూ తెలిసి కుట్టలేదు. తెలియకనే కుట్టారు.

ఇది నన్ను నేను వెనకేసుకురావడానికి రాయడం లేదు. నా మీద నీకు నమ్మకం పోయి ఉంటే అది న్యాయమే. వేరే ఆసుపత్రికి వెళ్లు. నేను లేని చోటికి. నీ కాగితాలూ ఫిల్ములూ అన్నీ కట్ట కట్టి పంపిస్తాను, సారు చేత ఉత్తరం రాయిస్తాను. నేను ఎదురుగా కూడా రాను.

కానీ వెళ్లు. ఇంట్లో ఉండిపోకు.

మల్లి


నల్లమాడ మండలం
20 నవంబరు 2003

మల్లీ,

రెండో ఆపరేషన్ అయి ఇంటికి వచ్చి వారమైంది. సారు నిన్ను తన గదికి పిలిపించిన రోజు నన్ను అక్కడ చూసి నువ్వు గుమ్మంలోనే ఆగిపోయావు. అంతకు ముందు ఏం జరిగిందో నీకు తెలియదు. అడగలేదు కూడా. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు పిల్లల బరువులు తూచాను. మారెక్క మనవరాలు ఉంది. ప్రతి నెలా కార్డులో చుక్క పెడతాను. ఆ బిడ్డ చుక్క ఎప్పుడూ పచ్చ పట్టీలోనే పడేది, నేను బాగుందని రాసేదాన్ని. ఈసారి దించబోతే కాళ్లు నిలవలేదు, చిన్నగా కూలబడింది. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడింది. అది కండ కాదు, నీరు. తక్కెడ అబద్ధం చెప్పలేదు. బరువెంతో చెప్పింది. ఏం బరువో చెప్పడం దాని పని కాదు. ఆ బిడ్డను నల్లమాడ ఆసుపత్రికి పంపించి, ఇంటికి వచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను.

ఎవరికీ చెప్పకుండా రామక్కను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఆమె పేరు పెట్టి రాసిన సంగతి బస్సులో చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నా పేరు పెట్టినావు సరే, నాకు ముందే చెప్పింటే ఆ పొద్దే ఈడ్చుకొచ్చింటా కదమ్మా" అంది.

సారు ముందు కూర్చుని అడిగాను. "సార్, మొత్తం తీసేస్తే ఇక ఎవరూ వెతకాల్సిన పని ఉండదు కదా?"

ఆయన వెంటనే అవుననలేదు. "తీసేయొచ్చమ్మా. అది కూడా మంచి వైద్యమే. కానీ నీకు ఒక్క పై అంచులోనే మిగిలింది. అది తీసి కరెంటు పెడితే, మొత్తం తీసేసినవాళ్లంత కాలమూ బతుకుతావు. ఏది కావాలో నువ్వు చెప్పు. భయంతో చెప్పకు" అన్నారు.

"ఈసారి కూడా మిగిలితే?"

"మిగలదని నేను చెప్పలేను. ఈసారి మైక్రోస్కోపు డాక్టరమ్మను కూడా పక్క గదిలో కూర్చోబెడతాను; అంచు ముక్క ఒకటి అప్పటికప్పుడు పైపైన చూస్తుంది, పూర్తి రిపోర్టు తర్వాత వస్తుంది. ఫిల్మ్ చూసేది ఫిల్మ్ చూస్తుంది, ఆమె చూసేది ఆమె చూస్తుంది. అప్పటికీ మిగిలితే మొత్తం తీసేద్దాం."

రామక్క నోరు మూసుకుని కూర్చుంది, ఆమెకు అది ఎంత కష్టమో నీకు తెలుసు. చివరికి పై అంచే తీయమన్నాను. ఆయన కాగితం మీద రాసుకుంటుంటే, "ఒక షరతు సార్. ఫిల్మ్ మా తమ్ముడే తియ్యల్ల" అన్నాను. ఆయన తల ఎత్తి, "అతనేమో నీకు సంబంధించింది ఏదీ తన చేతికి ఇవ్వొద్దని నన్ను అడిగాడు" అన్నారు. "అడుగుతాడు సార్. మీరు ఇనొద్దు. ఎన్నిసార్లు తిప్పల్లో అన్నిసార్లు తిప్పి చూసేది వాడే" అన్నాను. అప్పుడే నిన్ను పిలిపించారు.

ఆ రోజు నువ్వు ముద్దను తిప్పి తిప్పి నాలుగు ఫిల్ములు తీశావని ఎలిజబెత్ చెప్పింది.

రిపోర్టు ఎప్పుడొస్తుంది? మీ బావ శెనక్కాయ పీకించాడు. ఎకరాకు రెండు మూటలు కూడా రాలేదు. పశువుల మేతకు చెట్టు కట్టె దక్కింది, అదే చాలన్నాడు.

అక్క


బెంగళూరు
28 నవంబరు 2003

అక్కా,

రిపోర్టు వచ్చింది. అన్ని వైపులా శుభ్రంగా ఉంది. ఆ ముక్క ఇంకోసారి చదువు, నేను ఏడుసార్లు చదివాను. రిపోర్టు నకలు ఈ కవరులో పెట్టాను. బావకు చదివి వినిపించు. సుంకమ్మకు కూడా.

సారు మా గదిలో గోడకు ఒక కాగితం అంటించారు. ఇకమీదట ప్రతి ముద్దకూ రెండు వైపుల నుంచి ఫిల్మ్ తీయాలని. మంచిదే. కానీ నా మనసు పాత వాళ్ల చుట్టూనే తిరుగుతోంది. ఇంతకు ముందు నేను ఒక్కటే తీసిన వాళ్ల నంబర్లన్నీ రిజిస్టర్లోంచి రాసుకుని సారుకు ఇచ్చాను. ఆయన వాళ్ల రిపోర్టులు తీయించారు. చాలామందికి మైక్రోస్కోపులో వెనక వైపు శుభ్రంగానే ఉంది. ఇద్దరికి లేదు. వాళ్లను అప్పుడే మళ్లీ రమ్మని పిలిచారట. ఒకామె వచ్చి చేయించుకుంది. ఇంకొకామె రాలేదు. విడపనకల్లు మనిషి. ఆసుపత్రి వాళ్లు రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. వచ్చే ఆదివారం నేనే పోతున్నాను.

జనవరిలో నీకు కరెంటు మొదలవుతుంది. అయిదు వారాలు. మా ఇంట్లోనే ఉండు.

మల్లి


బెంగళూరు
9 డిసెంబరు 2003

అక్కా,

విడపనకల్లు పోయి వచ్చాను. ఆమె పోయింది. నేను వెళ్లేటప్పటికి ఇరవై రోజులయిందట. వాళ్ల అమ్మ ముందు కూర్చుని నేనెవరో చెప్పాను. ఆసుపత్రి ఉత్తరాలు కన్నడ, ఇంగ్లీషు అచ్చులో ఉన్నాయి. ఆ ఇంట్లో అవి చదివేవాళ్లు లేరు. మందుల చీటీలనుకుని దూలానికి చెక్కి పెట్టారు. "నువ్వు ముందొచ్చింటే బాగుండు నాయనా" అంది ఆ తల్లి. తిట్టలేదు. మజ్జిగ ఇచ్చింది. తాగాను.

నేను ఇంకో ఫిల్మ్ తీసి ఉంటే ఆ మొదటి రోజే తెలిసేదేమో. తెలిసేది కాదేమో. సారు చెప్పలేనన్నారు. ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను.

మల్లి


నల్లమాడ మండలం
2 ఏప్రిల్ 2004

మల్లీ,

మీ ఇంట్లో అయిదు వారాలు ఉన్నా ఆ విడపనకల్లు ఆమె గురించి నీతో ఒక్కసారీ మాట్లాడలేకపోయాను. నువ్వూ ఎత్తలేదు. కాగితం మీద అయితే నాకు నోరు వస్తుంది.

నీ తప్పు లేదని నేను రాయను. నువ్వు నమ్మవు, నాకూ తెలియదు. విడపనకల్లు తల్లి నీకు మజ్జిగ ఇచ్చింది కదా, అది ఆమె చెప్పగలిగినంత. అంతకు మించి ఎవరి దగ్గరా వెతకకు. నువ్వు చేయగలిగింది ఒకటి ఉంది. మీ ఆసుపత్రి ఉత్తరాలు ఈ పక్క వాళ్లకు తెలుగులో రాయించు, చదవడం రాని ఇంటికి ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు పేరున పంపించు. మేము ప్రతి ఊరిలో ఉన్నాం. మా సూపర్‌వైజరుతో మాట్లాడాను, సరే అంది. మా సమావేశంలో లేచి నిలబడి నా సంగతి చెప్పాను. రొమ్ము అనే మాటకు బదులు మొదట ఎడమ పక్క అన్నాను, తర్వాత ఆ మాట దానంతట అదే వచ్చింది. బయటికి వచ్చాక ముగ్గురు నా చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. వాళ్లలో ఒకామెను వచ్చే గురువారం నీ దగ్గరికి తీసుకొస్తున్నాను.

కరెంటు పెట్టిన చోట చర్మం నల్లబడింది. ఎడమ వైపు చిన్నదయింది, పైన గుంట పడింది. ఇన్ని నెలలు చీకట్లోనే రవిక మార్చుకున్నాను. అద్దం గోడ వైపు తిప్పి పెట్టాను. నిన్న మధ్యాహ్నం చెమటకు తట్టుకోలేక రవిక విప్పాను, మీ బావ నీళ్ల చెంబుతో లోపలికి వచ్చాడు. నేను చీర లాక్కోలేదు. ఆయన తల తిప్పుకోలేదు. దగ్గరికి వచ్చి, కుట్ల మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి పోనిచ్చాడు. "బాగా మానింది కదే" అన్నాడు.

ఇది తమ్ముడికి రాసే సంగతి కాదు. అయినా రాశాను.

అక్క
చౌడేశ్వరి